ఒప్పజెప్పిన చదువు

నెల్లూరినుండి తూర్పుగా సముద్రపు దిక్కునకు సాగు త్రోవలో, పెన్న కాలువల నీరు పారు వరిమళ్లను, వాని నడుమ ఇటీవల వెలసిన రొయ్యల గుంటలను దాటి పోయినచో తోటపల్లి గూడూరు వచ్చును. ప్రొద్దు పొడిచిన కొంతసేపటికే ఆ త్రోవపై పసుపుపచ్చని బడి బస్సులు నిలుచుచు సాగుచు పోవుచుండును. వీపున సంచుల బరువుతో, ఇంకను నిదుర తీరని కన్నులతో బిడ్డలు వానినెక్కి నెల్లూరి దిక్కునకు పోవుదురు. ఆ బిడ్డల తాతలు బడిపంతులును ‘అయ్యవారు’ అని పిలిచినవారు. ఈ సీమలో ఆ మాట నేటికిని పూర్తిగా పోలేదు. అయినను ఆ మాటలో నొకప్పుడుండిన చనువును, భయమును, ఋణభావమును ఇప్పటి బడికి అతికించి చూడబోయినచో ఎక్కడనో వెలితి తోచును. ఆ వెలితి యెట్టిదో వెదకుటకే ఈ వ్రాత.

మన వీధిబడిని గూర్చి మనవారు వ్రాసియుంచినది తక్కువ. మదరాసు గవర్నరుగా నుండిన తామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని బడుల లెక్కలు పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేయగా, బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో, ఆనాటి తెలుగు కన్నడ పిల్లలు చదివిన అరుగుబడి కన్నులకు గట్టినట్లు కానవచ్చును. బిడ్డకు అయిదేండ్లు రాగానే విఘ్నేశ్వర పూజచేసి, అయ్యవారు వాని వ్రేలు పట్టుకొని బియ్యములో దేవుని పేరు దిద్దించును. పిమ్మట నేలపై పరచిన యిసుకలో అక్షరములు నేర్పును. తెల్లవారుజామున బడికి మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న చుట్టుదురు, అనగా పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చినవానికెల్ల ఒక్కొక్కటి అధికము. సరస్వతి నామము అరచేతిలో ధరించి సంజవరకు దానిని చెరిగిపోనీయక కాపాడుకొన్న ఆ చిన్నవాని గర్వమును ఊహించుకొన్నప్పుడు, నాకు నేటి పతకములును ధ్రువపత్రములును చిన్నవిగా తోచినవి.

ఆ బడికి ప్రాణము ఒప్పజెప్పుట యను పని. ఎక్కములు గాని, పద్యము గాని, సుమతి శతకము గాని, అమరకోశము గాని, నిన్న చెప్పినదానిని నేడు అయ్యవారి యెదుట నిలిచి ఒప్పజెప్పినగాని క్రొత్త పాఠము లేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుచుండగా అయ్యవారు అరుగుమీద కూర్చుండి వినుచుండును. ఆయనకు నూరు గొంతుకల సందడిలోనుండి తప్పిన ఒక్క అక్షరము వినబడును. పిల్లలే పిల్లలకు చెప్పు ఈ పద్ధతియే మదరాసులో ఆండ్రూ బెల్ అను పాదిరి కంటబడి, 1797లో ఆయన ప్రకటించిన గ్రంథము ద్వారా ఇంగ్లాండునకు పోయి, అచ్చటి పేదపిల్లల బడులలో ‘మదరాసు పద్ధతి’ యను పేర వ్యాపించెను. మన వీధి యరుగుమీది యిసుకరాత సముద్రము దాటి దొరల దేశములో బడులు పెట్టించెనన్నమాట మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఉండదగినది.

వీధిబడి లోకవ్యవహారమునకు చాలినది. వేదవిద్యకు వేరొక మార్గము కలదు. నెల్లూరు మూలాపేటలోని వేదసంస్కృత కళాశాల వంటి తావులు ఆ మార్గమును నేటికిని తలపునకు తెచ్చుచున్నవి. దానిలో ముఖ్యమైనది సంథ. గురువు పనసలోని, అనగా వేదములోని యొక చిన్న భాగములోని, మాటలను స్వరముతో ఒక్కమారు పలుకును. శిష్యులు రెండుమారులు పలుకుదురు. ఉదాత్తానుదాత్తములకు తల యెత్తుటయు వంచుటయు శరీరములో ఇంకిపోవువరకు ఆ పలుకు సాగును. పుస్తకము ప్రక్కను ఉన్నను చూడరాదు. పదము, క్రమము అను పఠన విధములు దాటి జటకు వచ్చినప్పుడు మొదటి మాటను రెండవదానితోను, తిరుగ రెండవదానిని మొదటిదానితోను, మరల మొదటినుండియు అల్లి చెప్పవలయును. ఘనమునకు వచ్చుసరికి ఆ యల్లిక మూడవ మాటను గూడ పట్టి మరింత చిక్కనగును. ఒక్క అక్షరము జారిన ఆ యల్లిక యంతయు విడిపోవును గనుక, ఇది కాగితము లేని కాలమునాటి పరిశోధకుని పని. శబ్దమే శబ్దమునకు కాపలా. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి మౌఖిక వారసత్వపు మేటి నిదర్శనములలో నొకటిగా ప్రకటించుటకు కారణము ఈ శ్రమయే. మూడు నాలుగు సంవత్సరములు కాదు, పది పండ్రెండు సంవత్సరములు ఒక మనిషి మరియొక మనిషి గొంతుకను ప్రతిదినమును వినుచుండుటచేతనే అది నిలిచినది.

గురువు విన్నందువలన ఫలించిన చదువునకు నెల్లూరే సాక్షి. నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులో నుండి భారతములో పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి గొప్పతనము మనకు ఆయన పద్యములచేతనే గాక ఆయన చుట్టునున్నవారిచేతను తెలియును. కేతన తన దశకుమారచరిత్రమును ఆయనకే అంకితము చేసెను. మార్కండేయపురాణమును రచించిన మారన, తన తండ్రిపేరు గూడ తిక్కనయే యైనను, తాను పొందిన సరస్వతి సోమయాజి ప్రసాదమని ఆశ్వాసాంత గద్యములలో చెప్పుకొనెను. ఏడువందల యేండ్లకు పూర్వము ఒక కవి తన విద్యకు చిరునామాగా ఒక మనిషిని చూపినాడు; ఒక సంస్థను కాదు.

ఇంత చెప్పినందున పాత బడికి హారతి పట్టుచున్నానని తలపవద్దు. ఆ బడి దోషములను ఆనాటివారే యెరుగుదురు. కుంపిణీ కొలువులో దుబాసిగా పేరొందిన వెన్నెలకంటి సుబ్బారావు 1820లో మదరాసు స్కూల్ బుక్ సొసైటీకి సమర్పించిన నివేదికలో, పిల్లలు అర్థమెరుగక వల్లెవేయుదురని నొచ్చుకొనెను. కాంప్‌బెల్ గూడ, చదువు చెప్పువానికే అర్థము కాని భాషలో గ్రంథములుండుటను గుర్తించెను. కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట, తొడపాశము పెట్టుట అను శిక్షలను పెద్దలు నవ్వుచు చెప్పుకొందురు గాని, ఆ నవ్వులో నాకు పాలుపంచుకొన బుద్ధి పుట్టదు; పసివానిని త్రాటికి వ్రేలాడదీసిన చేయి యెంతటి పండితునిదైనను అది క్రూరమైన చేయియే. అన్నిటికంటె పెద్ద దోషము తలుపు. మన్రో 1826లో తేల్చిన లెక్కప్రకారము కోటి ఇరువదెనిమిది లక్షల జనములో బడులు 12,498, చదువరులు 1,88,650. వారిలో బాలికలు 4,540 మంది. తెలుగు జిల్లాలలో ఆ చదువరులు ఎక్కువగా బ్రాహ్మణ వైశ్య కులములవారు. ఊరి వెలుపలి వాడలోని బిడ్డకు అరుగెక్కు హక్కే లేదు. గురువు చెవి యెంత సూక్ష్మమైనదైనను, ఆ చెవి దాపునకు రానీయని గొంతుకలు లక్షోపలక్షలు.

ఆ తలుపును తెరచుటకు ఈ జిల్లా చేసిన కృషి తక్కువది కాదు. పొరుగున పెన్న యొడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ప్రభృతులు నెలకొల్పిన సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించెను. రాట్నమును, కుల భేదము లేని కలిసి బ్రదుకుటను ఒక్క చూరు క్రింద నేర్పదలచిన ఆ తావు, తలుపు మూయని గురుకులమునకు మన సీమలో తొలి యత్నమని నా నమ్మకము. బడి మెట్లు ఎక్కకయే ఇంట కూర్చుండి తెలుగు, సంస్కృతము, హిందీ నేర్చిన పొణకా కనకమ్మ 1923లో నెల్లూరిలో ఆడపిల్లలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించెను. తనకు లేని బడిని పరుల బిడ్డలకు కట్టిచ్చిన ఆ తల్లి ఋణము నెల్లూరు ఇంకను తీర్చుకొనలేదు. 1971లో పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాలను తెరపించినప్పుడు, గురుకులమను పాతమాట పేదబిడ్డల వాకిటికి నడచివచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి బిడ్డకును బడిని హక్కుగా నొసగి, బెత్తమును నిషేధించెను. ఇవి వెనుకకు మరల్చరాని మేళ్లు.

తలుపు తెరచుకొన్నది, చెవి మూతపడినది. ఆ చట్టమే ప్రాథమిక తరగతులలో ముప్పదిమందికి ఒక ఉపాధ్యాయుడు చాలునన్నది. నలువదియైదు నిమిషముల పీరియడును ముప్పదిమందికి పంచినచో ఒక్కొక్క బిడ్డకు వచ్చునది నిమిషమున్నర. అయ్యవారు ఆ సమయమంతయు తాను మాటలాడక వినుటకే వెచ్చించిననే ఆ నిమిషమున్నర దక్కును. ఆయన కాలమునో పాఠ్యప్రణాళిక తినును, రికార్డులు తినును, సెల్‌ఫోనులో ఎక్కించవలసిన హాజరు తినును. చదివినదానిని బిడ్డ కాగితముపై వ్రాయును. ఆ కాగితమును బిడ్డ ముఖమెరుగని వేరొకరు దిద్దుదురు. నేనెరిగిన ఒక బాలుడు ఇంటర్మీడియట్ రెండేండ్లు వసతిగృహములో నుండి చదివి, చక్కని ర్యాంకుతో ఇంటికి వచ్చెను. నీకు చదువు చెప్పిన అయ్యవార్లు ఎవరెవరురా అని వాని నాయనమ్మ అడుగగా, వాడు ఇద్దరి పేర్లు చెప్పి, తక్కినవారిని ‘ఫిజిక్స్ సార్’, ‘మ్యాథ్స్ సార్’ అనెను. ఆ సార్లలో ఎందరికి వీని పేరు తెలియునని ఆమె మరల అడుగగా వాడు నేలచూపు చూచెను. వాడు గురువులతో ఒక్క చూరు క్రింద రేయింబవళ్లు రెండేండ్లుండినాడు. లెక్కకు అదియు గురుకులవాసమే.

వల్లెవేయుటను మానిపించినామని మనము గర్వించుచుందుము. నిజమునకు వల్లెవేయుట మానలేదు, వినువాడు మానినాడు. ఇంటర్మీడియట్ చదువుచున్న పిల్లవాడు నేటికిని గైడు పుటలు కంఠస్థము చేయుచునే యున్నాడు. ఆ పుటలను ఎవరి యెదుటను ఒప్పజెప్పడు గనుక, ఎక్కడ అర్థము చెడినదో వానికి చెప్పువాడు లేడు. పాత అయ్యవారికి అర్థము తెలియక తప్పు జరిగెను. నేటి అయ్యవారికి అర్థము తెలియును, శిక్షణ కలదు, జీతము కలదు. ఆయనకు లేనిది తీరిక. ఆ తీరికను కల్పింపవలసిన బాధ్యత ప్రభుత్వముది. ప్రతి ప్రాథమిక పాఠశాలలోను దినమునకు ఒక పీరియడు ప్రతి బిడ్డ గొంతుకను వినుటకే కేటాయించి, ఆ గంటలో రికార్డు పనిని నిషేధించుట అసాధ్యమైన కోరిక కాదు.

అంతవరకు ఈ కథనమును చదివిన తలిదండ్రులకు నాదొక్క మనవి. ఈ సాయంకాలము బస్సు దిగి వచ్చిన బిడ్డకు కాళ్లు కడిగి, నాలుగు ముద్దలు తినిపించి, అరుగు లేకపోయిన గడపమీదనైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నేడు నేర్చినదానిని ఒక్కదానిని ఒప్పజెప్పించుకొనుడు. మీకు చదువు రాకున్నను చింత లేదు. మధ్యలో అడ్డు రాక, సెల్‌ఫోను చేతబట్టక, తుదివరకు వినుడు.