పప్పుగుత్తితో కైపిరీన్యా

ఎండాకాలంలో బాన్సువాడ బస్టాండు వైపు వెళ్తే చెరుకు బండి దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. ఒకసారి పిండిన గడను మడిచి, మధ్యలో నిమ్మచెక్క, చిన్న అల్లం ముక్క పెట్టి మళ్లీ గానుగలోకి తోస్తారు. అడుగున ఐసు, పైన రసం. చెరుకు, నిమ్మ, ఐసు. బ్రెజిల్‌వాళ్లు తమ సొంతమని చెప్పుకునే కైపిరీన్యాలో ముప్పావు వంతు ఈ గ్లాసులోనే ఉంది. మిగిలిన పావు వంతు మద్యం. జాగ్రత్తగా కొలవాల్సింది దాన్నే.

పేరులో ‘కైపు’ వినిపిస్తుంది గానీ మన కైపుకూ దానికీ చుట్టరికం లేదు. సావో పాలో లోపలి పల్లెల జనాన్ని అక్కడ ‘కైపిరా’ అంటారు. దానికి ముద్దుపేరు లాంటిది కైపిరీన్యా. బార్‌టెండర్ల అంతర్జాతీయ సంఘం ఒప్పుకున్న కొలత ఇది: 60 మిల్లీలీటర్ల కషాసా, ముక్కలు కోసిన ఒక నిమ్మకాయ, నాలుగు టీస్పూన్ల చక్కెర, ఐసు.

కషాసా అంటే ఏమిటి? పచ్చి చెరుకురసాన్ని పులియబెట్టి బట్టీలో దించిన మద్యం. బ్రెజిల్ చట్టం ప్రకారం అందులో ఆల్కహాలు 38 నుంచి 48 శాతం ఉండాలి. మన దగ్గర దొరికే రమ్ము కూడా చెరుకు బిడ్డే, కాకపోతే అది మొలాసిస్‌తో చేసింది. చక్కెర పలుకులు తీసేశాక మిగిలే నల్లటి మడ్డే మొలాసిస్. టన్ను చెరుకు ఆడితే సుమారు 100 కిలోల చక్కెర, 40 కిలోలకు పైగా మడ్డి వస్తాయి. ఈ లెక్క మన ప్రాంతానికి కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాకే ఇక్కడ చెరుకు పెద్ద పంటయింది. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం నడక మొదలైంది. అది 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు బండ్ల వరుసలు చూసి పెరిగినవాళ్లకు ఆ మూత ఇప్పటికీ బాధే.

కషాసా కోసం వెతుక్కోకుండా తెల్ల రమ్ము వాడితే సరిపోతుంది. నల్ల రమ్ములో మాడిన చక్కెర వాసన ఎక్కువ, అది నిమ్మను మింగేస్తుంది. అయితే న్యాయంగా చెప్పాలంటే రమ్ముతో చేస్తే అది కైపిరీన్యా కాదు, బ్రెజిల్‌లో దాన్ని కైపిరీసిమా అంటారు. పండు కలిపితే కైపిఫ్రూటా. ఇంట్లో పేరు ఏం పెట్టుకున్నా ఫర్వాలేదు, మద్యం కొలత మాత్రం మారకూడదు.

చెరుకురసం ఉంది, పొయ్యి ఉంది, ఇంట్లోనే కాచుకోలేమా అని కొందరికి అనిపించవచ్చు. వద్దు. అది నాటుసారా అవుతుంది, నేరం. పైగా కల్తీ సారాలో ప్రాణం తీసే మిథనాల్ అనే ద్రావకాన్ని రంగు, వాసన చూసి పసిగట్టలేం. లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్నదే వాడండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు.

ఇక కలిపే పండు. నా ఓటు అనాసకే. అనాస పుట్టింది దక్షిణ అమెరికాలో. అక్కడి టూపీ జనం పిలిచిన పేరే పోర్చుగీసు ఓడలెక్కి మన నోట ‘అనాస’ అయింది. చెరుకు, నిమ్మ మాత్రం ఆసియా వైపు నుంచి అటు వెళ్లాయి. 1530లలోనే పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ తీరంలో చెరుకు గానుగలు పెట్టారు. వాటిని తిప్పినది ఎక్కువగా బానిసల రెక్కల కష్టం. ఆ మాట వదిలేసి ఈ పానీయం కథ చెప్పడం నాకు సరిగా అనిపించదు.

అనాస తియ్యగా ఉంటుంది కదా, చక్కెర ఎంత తగ్గించాలి? 100 గ్రాముల పండిన అనాసలో సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. గ్లాసుకు 60 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు ముక్కలు చాలు. వాటితోనే 6 గ్రాముల చక్కెర వచ్చేసింది. అంచుకు చదును చేసిన టీస్పూనుకు 4 గ్రాముల లెక్కన నాలుగు స్పూన్లు 16 గ్రాములు. కాబట్టి మనం వేయాల్సింది రెండున్నర స్పూన్లు. చదును చేసిన స్పూను అన్నది మరిచిపోవద్దు. కుప్పగా తీస్తే ఒక్కో స్పూను 7 గ్రాములు తూగుతుంది.

అనాస పుల్లగానే ఉంటుంది, నిమ్మ మానేయవచ్చా? కుదరదు. నిమ్మరసంలో పులుపు ఆమ్లం నూటికి 6 పాళ్లు, అనాసలో ఒక పాలు కూడా ఉండదు. బ్రెజిల్‌లో వాడే నిమ్మ మన నిమ్మకంటే పెద్దది కాబట్టి మన సైజు కాయ ఒకటిన్నర తీసుకోండి. నిలువుగా కోసి, మధ్యలో ఉండే తెల్లటి ఈనెను చాకుతో తీసేయండి. చేదు ఎక్కువగా అక్కడే.

దంచడానికి ప్రత్యేకమైన కర్ర కొనక్కర్లేదు, చెక్క పప్పుగుత్తి చాలు. దంచే గ్లాసు స్టీలుదో గాజుదో కావాలి. ఇత్తడి, రాగి పనికిరావు, నిమ్మ పులుపుకు కిలుం ఎక్కుతాయి. మందపాటి గ్లాసులో నిమ్మముక్కలు, చక్కెర వేసి అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. మామిడికాయ తొక్కుకు ఉప్పు పట్టిస్తే ముక్క నీరు వదిలినట్టే చక్కెరకు నిమ్మ రసం వదులుతుంది. మన దుకాణాల చక్కెర పలుకులు పెద్దవి, చల్లటి మద్యంలో తొందరగా కరగవు. అందుకే ఈ అయిదు నిమిషాలు. తర్వాత అనాస ముక్కలు వేసి పప్పుగుత్తితో ఏడెనిమిది సార్లు ఒత్తి తిప్పండి. పప్పులా మెదపకండి. పలుకులు తొక్కను గీరినప్పుడు నూనె పైకి వచ్చి వేళ్లకు నిమ్మతొక్క వాసన అంటుతుంది. అంతటితో ఆపేయాలి, ఇంకా దంచితే చేదు దిగుతుంది. ఆపైన రమ్ము పోసి, గుడ్డలో చుట్టి కొట్టిన ఐసు గ్లాసు నిండా వేసి అడుగు నుంచి కలపండి.

రమ్ము అందాజుగా పోయకండి. దగ్గుమందు సీసా మీద ఉండే 10 మిల్లీలీటర్ల కొలమూతను బాగా కడిగి వాడండి, ఆరు మూతలు పడాలి. లేదంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో సరిగ్గా మూడో వంతు.

ఒక గ్లాసే కదా, ఎంత ఎక్కుతుంది? మన సీసాల మీద మామూలుగా కనిపించే అంకె 42.8 శాతం. 60 మిల్లీలీటర్లలో అసలు ఆల్కహాలు దాదాపు 26 మిల్లీలీటర్లు, తూకంలో 20 గ్రాములు. 5 శాతం బీరు పెద్ద సీసా, అంటే 650 మిల్లీలీటర్లలో ఉండేది 26 గ్రాములు. ఈ చిన్న గ్లాసు ముప్పావు సీసా బీరుకు సమానం. పండు రసం, కరిగిన ఐసు కలిశాక కూడా ఘాటు 15 శాతం దగ్గర నిలుస్తుంది. మామూలు ద్రాక్ష వైను కంటే ఇదే ఎక్కువ. నాలుకకు మాత్రం షర్బత్తులా అనిపిస్తుంది. రెండో గ్లాసు ఎప్పుడైపోయిందో తెలియకపోవడానికి కారణం ఇదే.

లివరు గంటకు విరగ్గొట్టే ఆల్కహాలు 7 నుంచి 10 గ్రాములు. కాబట్టి ఒక్క గ్లాసు దిగడానికి రెండు మూడు గంటలు, ఒక తెలుగు సినిమా అంత సేపు పడుతుంది. కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ గడియారం ముందుకు జరగదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. కాబట్టి గ్లాసు చేతికి తీసుకున్న రాత్రి తాళం వేరొకరి చేతికివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఆరోగ్యానికి ఏ మోతాదు మద్యమూ క్షేమం కాదని తేల్చి చెప్పింది. గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు అసలు ముట్టుకోకూడదు.

వాళ్లకూ పిల్లలకూ ఇంకో గ్లాసు ఉంది. నిజం చెప్పాలంటే రుచిలో అదే మేలని నా అభిప్రాయం. నిమ్మ, అనాస అలాగే ఒత్తండి. చక్కెర, రమ్ము బదులు 150 మిల్లీలీటర్ల చెరుకురసం పోయండి. చెరుకురసంలో నూటికి 15 పాళ్లు చక్కెరే, అంటే గ్లాసులో అప్పటికే అయిదారు స్పూన్లు ఉన్నట్టు. షుగరు ఉన్నవాళ్లు మాత్రం దీనికీ దూరంగా ఉండాలి. బండి దగ్గర ఐసు వేయించుకోకుండా స్టీలు డబ్బాలో రసం పట్టించుకుని, అక్కడే నాలుగు చుక్కల నిమ్మ పిండించుకోండి. లేదంటే ఇల్లు చేరేసరికే నల్లబడడం మొదలవుతుంది. గంటలోపు తాగేయండి.