జలాంతర్గాముల తల్లి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గము మీద సూర్యాపేట, కోదాడ పట్టణములు కలవు. రేయనక పగలనక లారీలును బస్సులును ఆ మార్గమున సాగిపోవుచుండును. సూర్యాపేట ఇంచుమించు నడిదారిలో నున్నది. దూరప్రయాణము చేయు వాహనములు పెక్కు అచ్చట ఆగును. లారీకి చమురు పోయుదురు. చక్రములలో గాలి చూతురు. సడలిన మరలు బిగింతురు. డ్రైవరు ముఖము కడుగుకొని, అన్నము తిని, కొంతసేపు నడుము వాల్చును. ఇట్టి మజిలీ లేనిచో ఎంత బలమైన లారీ అయినను ఎంతో దూరము పోజాలదు.

సముద్రము మీద ఇట్టి మజిలీ ఎక్కడ దొరకును? అచ్చట ఊరు లేదు, బాట లేదు, చెట్టునీడ లేదు. అందును నీట మునిగి సంచరించు జలాంతర్గామికి మజిలీ లేక గడవదు. కావున నావికులు ఒక ఉపాయము పన్నిరి. మజిలీనే ఒక నౌకగా నిర్మించి, జలాంతర్గాములున్న చోట నిలిపిరి. అట్టి నౌకకు ఆధారనౌక అని పేరు. తల్లినౌక అనియు అందురు. మన నౌకాదళమున ఈ సేవ చేసిన నౌక పేరు ‘అంబ’. అంబ అనగా సంస్కృతమున తల్లి. ఆకలిగొన్న లేగదూడ తల్లిని పిలుచు పిలుపును మనవారు ‘అంబా’ అనియే చెప్పుదురు. పేరు పెట్టినవారు పనిని ఎరిగియే పెట్టిరి.

జలాంతర్గామికి ఒకరి తోడు ఏల కావలెనో తెలియుటకు దాని నిర్మాణము కొంత ఎరుగవలెను. విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున ‘కురుసుర’ అను జలాంతర్గామిని 2002లో ప్రదర్శనశాలగా నిలిపిరి. దాని పొడవు సుమారు 91 మీటర్లు. వెడల్పు 8 మీటర్లు. సుమారు 75 మంది నావికులు దానిలో పని చేయుచుండిరి. ఆ ఇరుకుచోటనే యంత్రములు, టార్పెడోలు, వంటయిల్లు, పడకలు అన్నియు అమర్చబడినవి. నిటారుగా నిలిచి ఇరువురు ఎదురుబొదురుగా తప్పుకొనుటయే కష్టము.

ఇట్టి జలాంతర్గామి నీటిపైన నున్నప్పుడు డీజిలు యంత్రములతో నడచును. నీట మునిగినప్పుడు ఆ యంత్రములకు గాలి దొరకదు. అప్పుడు బ్యాటరీలలో నిలువచేసిన విద్యుత్తుతో నడచును. ఆ విద్యుత్తు తరిగిపోగా, పైకి వచ్చియో, గాలిగొట్టమును నీటిపైకి ఎత్తియో, మరల డీజిలు యంత్రములను నడిపి బ్యాటరీలను నింపుకొనవలెను. ఇక మునుగుటకు తొట్లలోనికి సముద్రజలమును రానిత్తురు. తేలుటకు, అణచి నింపిన గాలిని విడిచి ఆ నీటిని వెలికి నెట్టుదురు. ఆ గాలి అయిపోయినచో నౌక పైకి వచ్చుట దుర్లభము.

చమురు, విద్యుత్తు, గాలి, మంచినీరు, ఆహారము అను అయిదింటి మీదనే నావికుల ప్రాణములు నిలిచియున్నవి. ఈ అయిదును జలాంతర్గామిలో పరిమితముగనే ఉండును. మంచినీరు త్రాగుటకును వంటకును చాలినంత మాత్రమే, స్నానమునకు మిగులదు. నూనెవాసన, ఉక్క, నిద్రలేమి దినదినము పెరుగును. యంత్రమే గాక మనుష్యుడును అలసిపోవును.

మన తొలి జలాంతర్గామి ‘కల్వరి’. సోవియట్ దేశమున రీగా రేవులో 1967 డిసెంబరు 8వ తేదీన అది మన నౌకాదళమున చేరెను. అందుచేతనే డిసెంబరు 8 జలాంతర్గామి దినముగా జరుపబడుచున్నది. మరుసటి సంవత్సరము అది విశాఖపట్టణము చేరెను. ఖండేరి 1968లోను, కరంజ్, కురుసుర 1969లోను దళమున చేరినవి. 1974 నాటికి అదే జాతికి చెందిన మరి నాలుగు వచ్చినవి. ఆయుధములు ఇట్లు వేగముగా వచ్చుచుండెను గాని, వానిని పోషించు ఏర్పాట్లు ఒడ్డున ఒక్కనాట సిద్ధము కాలేదు. విశాఖపట్టణమున జలాంతర్గాముల స్థావరమైన ‘వీరబాహు’ 1971లో ఏర్పడెను. నావికులకు శిక్షణ యొసగు ‘శాతవాహన’ విద్యాలయము 1974లో వెలసెను. తెలుగునేల నేలిన శాతవాహనుల నాణెములపై తెరచాప నౌకల బొమ్మలు కలవు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై నున్న బౌద్ధ శిథిలములును ఆ ప్రాచీనకాలమును గుర్తుచేయుచున్నవి. సముద్రమునకు దూరమున నున్న ఈ సీమకును నౌకలతోడి సంబంధము నేటిది కాదు.

స్థావరము సిద్ధము కాకమునుపే, 1968లో, అంబ వచ్చెను. అదియును సోవియట్ దేశమున నిర్మింపబడినదే. దాని పొడవు సుమారు 140 మీటర్లు. తన సిబ్బందికే గాక జలాంతర్గాముల నావికులకును చోటు కల్పించుటకై, దానిలో సుమారు 750 మందికి వసతి ఏర్పరచిరి. బరువులను ఎత్తి దించుటకు క్రేనులు అమర్చిరి. ఆత్మరక్షణకు నాలుగు ఫిరంగులు ఉండెను. అయినను అది పోరాటమునకు పుట్టిన నౌక కాదు. పోరాడువారిని కాపాడుటకు పుట్టినది.

ఆధారనౌక చేయు పని యెట్టిదనగా: సంచారము నుండి తిరిగివచ్చిన జలాంతర్గామి దాని ప్రక్కకు చేరి త్రాళ్ళతో కట్టుకొనును. వెంటనే గొట్టముల ద్వారా చమురును మంచినీటిని అందింతురు. తీగెల ద్వారా విద్యుత్తును పంపి బ్యాటరీలను నింపుదురు. బ్యాటరీలలో పోయుటకు శుద్ధి చేసిన జలమును ఇత్తురు. తేలుటకు కావలసిన గాలిని అణచి నింపుదురు. టార్పెడో అనునది తానే ఒక చిన్న యంత్రము. దానిని విప్పి పరీక్షించి, లోపములు సవరించి, క్రేనుతో ఎత్తి జలాంతర్గామిలోనికి దింపుదురు. చెడిన భాగములను కర్మశాలలో బాగుచేయుదురు. అంతలో నావికులు తల్లినౌక మీదికి ఎక్కి, కడుపునిండ తిని, తనివితీర స్నానము చేసి, కాళ్ళు చాపుకొని నిద్రింతురు. జబ్బుపడినవానిని వైద్యుడు చూచును. కొన్ని దినములకు యంత్రమును మనుష్యుడును మరల క్రొత్తవారైనట్లు బయలుదేరుదురు.

ఈ సేవ కంటికి ఆనదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు వచ్చును. అచ్చట ఊక విడిచి, తవుడు పోయి, బియ్యమై బస్తాలలోనికి ఎక్కును. ఎక్కడనో భోజనము చేయువానికి ఆ మిల్లు కనబడదు. కాని మిల్లు ఆగినచో విస్తరిలో అన్నము లేదు. ఆధారనౌకయును అట్టిదే.

ఈ సంగతిని స్వదేశీయులు మరచినను శత్రువులు మరువరు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు సముద్రమధ్యమున తమ జలాంతర్గాములకు చమురును ఆహారమును అందించుటకు పది ప్రత్యేక జలాంతర్గాములను నిర్మించిరి. వానికి ‘పాడియావులు’ అని నావికులు మారుపేరు పెట్టిరి. వానికి టార్పెడోలు వేయు శక్తి లేదు. అయినను మిత్రరాజ్యములవారు వానిని వెదకి వెదకి వేటాడిరి. 1944 నాటికి పదింటికి పదియు మునిగిపోయెను. 1942 జూన్ 30న మధ్యధరా సముద్రమున ‘మెడ్వే’ అను బ్రిటిషు ఆధారనౌకను ఒక జర్మను జలాంతర్గామి ముంచివేసెను. దానిలో నున్న 90 టార్పెడోలలో 47 నీటిపై తేలగా, వానిని ఏరి తెచ్చుకొనవలసి వచ్చెను. ఆవును కొట్టిన దూడలు వానియంత అవియే నీరసించునని ఇరుపక్షముల వారికిని తెలియును.

తల్లి బాధ్యత పోషణతో ముగియదు. బిడ్డ ఆపదలో పడినప్పుడు ఆదుకొనుటయు తల్లి పనియే. జలాంతర్గామి లోతున చెడిపోయి పైకి రాలేనిచో, లోపలివారికి గాలి కొన్ని దినములే వచ్చును. ఇట్టి ఆపదకై మన దేశము సోవియట్ దేశము నుండి తెచ్చిన ‘నిస్తార్’ అను రక్షణనౌకను 1971లో నౌకాదళమున చేర్చుకొనెను. ఆ యేడే డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ‘గాజీ’ విశాఖపట్టణము చెంత మునిగిపోగా, దాని శిథిలములను పరిశీలించు గజయీతగాండ్రకు ఆ నిస్తార్ తోడ్పడెను. అది 1989లో సేవ నుండి తొలగెను.

కాలముతో ఆయుధములు మారినవి, ఆపద మారలేదు. 2021 ఏప్రిల్ 21న ఇండొనీషియా జలాంతర్గామి ‘నంగ్గాలా’ బాలి ద్వీపమునకు ఉత్తరమున సముద్రమున కనబడకుండ పోయెను. దానిలో 53 మంది ఉండిరి. సహాయము కోరగా, మరునాడే లోతునీటి రక్షణయంత్రముతో మన నౌక విశాఖపట్టణము నుండి బయలుదేరెను. కాని నడుమ నున్నది అనేక దినముల సముద్రప్రయాణము. అది చేరకమునుపే ఆ జలాంతర్గామి లోతున ముక్కలై యున్నట్లు తెలిసెను. ఎవరును బ్రతుకలేదు. రక్షించు నౌక ఎంత గొప్పదైనను, చేరువలో లేనిచో నిష్ప్రయోజనమని ఆ దుర్ఘటన చాటెను.

అంబ సుమారు నాలుగు దశాబ్దములు సేవించి 2006లో విశ్రమించెను. అంబయు, తొలి నిస్తారును పరదేశమున పుట్టినవి. 2025 జూలై 18న అదే పేరుతో క్రొత్త ‘నిస్తార్’ విశాఖపట్టణమున నౌకాదళమున చేరెను. నిస్తారము అనగా దాటించుట, ఆపద నుండి విడిపించుట. దానిని నిర్మించినది విశాఖపట్టణమందలి హిందుస్తాన్ షిప్‌యార్డు. స్వతంత్ర భారతమున ‘జలఉష’ అను నౌకను 1948లో జలప్రవేశము చేయించినది ఆ కర్మాగారమే. క్రొత్త నిస్తార్ పొడవు సుమారు 118 మీటర్లు. దాని నుండి గజయీతగాండ్రు 300 మీటర్ల లోతువరకు దిగి పని చేయగలరు. అంతకంటె లోతున చిక్కుకొన్నవారిని తెచ్చుటకు 650 మీటర్ల వరకు దిగు రక్షణయంత్రమునకు అది తల్లినౌకగా నిలుచును.

కురుసురను చూచుటకు జనులు బారులు తీరుదురు. అంబకు అట్టి ప్రదర్శనశాల లేదు. అయినను కురుసుర లోపల నడచు విద్యార్థులు ఆ ఇరుకు పడకలను, ఆ చిన్న వంటయింటిని చూచి, ఇందలి నావికులు ఎచ్చట నిద్రించిరి, ఎచ్చట స్నానము చేసిరి, ఈ బ్యాటరీలను ఎవరు నింపిరి అని ఒక్క ప్రశ్న వేసికొన్నచో చాలును. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానమే అంబ.