పొంగే వాగు దాటరాదు - వర్షాకాలంలో వాహన చోదకులు పాటించవలసిన జాగ్రత్తలు

వర్షాకాలంలో వాగులు, వంకలు పొంగి రహదారులపై ప్రవహించడం తెలుగు రాష్ట్రాలలో ఏటా కనిపించే పరిస్థితి. తడిసిన రోడ్డు ఎంత ప్రమాదకరమో, చప్టాలపై పారే నీరు అంతకు మించి ప్రమాదకరం. రోజూ తిరిగే దారే కదా అన్న ధీమాతో వాహనాన్ని నీటిలోకి దింపడం ప్రాణాల మీదికి తెస్తున్నది.

2023 జులైలో మున్నేరు వరద ఎన్టీఆర్ జిల్లా ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారిని ముంచెత్తడంతో హైదరాబాద్-విజయవాడ మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు ఉధృతికి కారు కొట్టుకుపోయి అందులోని ఇద్దరు మరణించారు.

వాహనం ఎందుకు కొట్టుకుపోతుంది?

ఒక ఘనమీటరు నీటి బరువు సుమారు 1,000 కిలోలు. వాహనం ఎంత నీటిని పక్కకు తొలగిస్తే అంత బరువు మేరకు నీరు దానిని పైకి ఎత్తుతుంది. అప్పుడు టైర్లకు రోడ్డుపై పట్టు తప్పుతుంది. సుమారు 30 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీరు చిన్న కార్లను, 60 సెంటీమీటర్ల నీరు పెద్ద వాహనాలను సైతం నెట్టుకుపోగలదు. ప్రవాహ వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. పైగా, బురదనీటి అడుగున రోడ్డు కోతకు గురైనదీ లేనిదీ చోదకునికి కనిపించదు. ముందు వెళ్లిన లారీ దాటిందని వెనుక కారు దిగడం క్షేమం కాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

* రోడ్డుపై నీరు పారుతుంటే ఆగాలి. వెనుదిరిగి మరో మార్గంలో వెళ్లాలి. రాత్రివేళ మరింత అప్రమత్తత అవసరం.
* నీటిలో ఇంజన్ ఆగిపోతే తిరిగి స్టార్ట్ చేయరాదు. నీరు పెరుగుతుంటే వెంటనే అద్దాలు దించి, సీటు బెల్టు తీసి, వీలున్నంత త్వరగా బయటపడాలి.
* గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. తడి రోడ్డుపై బ్రేకు ఆలస్యంగా పడుతుంది. అందువలన వేగం తగ్గించి, ముందు వాహనంతో ఎడం రెట్టింపు చేయాలి.
* అరిగిన టైర్లు, పనిచేయని వైపర్లు ముందే మార్పించాలి.
* జోరువానలో డిమ్ లైట్లు వేయాలి. నడుస్తున్న వాహనానికి నాలుగు ఇండికేటర్లూ వెలిగిస్తే, అది ఎటు మలుపు తిరుగుతుందో వెనుకవారికి తెలియదు.
* ద్విచక్ర వాహనంపై గొడుగు పట్టరాదు.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

చప్టాకు ఒకవైపే అడ్డు పెడితే ప్రయోజనం లేదు. రెండు వైపులా బారికేడ్లు, రాత్రి కనిపించే దీపాలు, కాపలా సిబ్బంది ఉండాలి. లోతును తెలిపే గుర్తుల స్తంభాలను వర్షాలకు ముందే సరిచూడాలి. వార్తలలో వాగు పేరుతోపాటు మూసిన రోడ్డు, ప్రత్యామ్నాయ మార్గం, సమాచారం అందిన సమయం పేర్కొంటే ప్రయాణికులు బయలుదేరకముందే జాగ్రత్త పడగలరు.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోన్ చేయాలి.