బాయిలరు నీటిని కాచే హీటరు – స్వయంచాలక కవాటం

మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు పొరుగున కడప జిల్లాలో, ముద్దనూరు సమీపాన రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. 210 మెగావాట్ల తొలి యూనిట్ అక్కడ 1994లో ఆరంభమయింది. సింగరేణి బొగ్గు వందలాది కిలోమీటర్లు రైలులో అచటికి రావాలి. అంత దూరం తెచ్చిన బొగ్గును పొదుపు చేసే ఒక ఉపాయాన్ని మేమిక్కడ వివరింపదలచాము.

ఇట్టి యూనిట్లలో బాయిలరుకు చన్నీరు పంపరు. టర్బైనులో కొంత పని చేసిన ఆవిరిని మధ్యలోనే తీసి, హీటర్ల ద్వారా ఆ నీటిని సుమారు 240 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచుతారు. (పీడనం హెచ్చుగా ఉండుటచే నీరు మరగదు.) ఆవిరిని దారి మళ్ళించడం నష్టం కాదా అని విద్యార్థులు అడుగవచ్చు. కాదు, అది కండెన్సరు చేరితే అందలి గుప్తోష్ణమంతా చల్లబరచే నీటి పాలవుతుంది.

హీటరులో ఆవిరి నీరై అడుగున చేరుతుంది. ఆ మట్టం పెరిగితే గొట్టాలు మునిగి వేడి అందదు. నీరు టర్బైనులోనికి ఎదురెక్కే ప్రమాదమూ ఉన్నది. మట్టం తగ్గితే ఆవిరి నీరు కాకుండానే తరువాతి హీటరుకు జారిపోతుంది. లోడు మారినప్పుడల్లా చేతితో త్రిప్పి సరిచేయడం దుస్సాధ్యం గనుక స్వయంచాలక కవాటం మట్టాన్ని అనుసరించి తెరచుకొంటూ, మూసుకొంటూ ఉంటుంది. మా దృష్టిలో కవాటం కంటె మట్టాన్ని కొలిచే సాధనమే ముఖ్యం. అది తప్పు చూపితే కవాటమూ తప్పే చేస్తుంది. అందుచేత గాజుగొట్టంలో కనిపించే మట్టంతో దానిని తరచు సరిపోల్చాలి.