మీకు తెలుసా? గన్నవరంలో దిగాలంటే మిర్యాలగూడ రాకముందే లెక్క మొదలు

హైదరాబాద్ నుంచి విజయవాడకు విమానంలో వస్తే, దారిలో సగానికి పైగా కిందికి దిగడానికే సరిపోతుందని మీకు తెలుసా? శంషాబాద్ నుంచి గన్నవరానికి సూటిగా సుమారు 264 కిలోమీటర్లు, అంటే దాదాపు 143 నాటికల్ మైళ్లు. విమానం 24,000 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. వెయ్యి అడుగులు దిగాలంటే మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్లకు నోటికి వచ్చిన లెక్క. 24ను 3తో హెచ్చవేస్తే 72. దానికి ఇంకో పది కలపాలి. జెట్ విమానం దిగుతూనే వేగం కూడా తగ్గమంటే వినదు. 10,000 అడుగుల కిందికి వచ్చాక వేగం 250 నాట్స్ దాటకూడదన్న నియమం కూడా ఉంది. మొత్తం 82 నాటికల్ మైళ్లు. మ్యాప్ మీద స్కేలు పెట్టి సూటిగా గీత గీస్తే, దిగడం మొదలుపెట్టాల్సిన ఆ చోటు మిర్యాలగూడకు హైదరాబాద్ వైపే వస్తుంది.

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లోనో, ఎక్స్-ప్లేన్‌లోనో, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్‌లోనో సొంత ఊరి రన్‌వే మీద దిగాలని ఆశపడే పిల్లలకు ముందు చెప్పాల్సింది ఇదే. విమానాన్ని దింపడం చేతి పని కన్నా ముందు కూడికల పని. ఆ కూడిక నేల దగ్గర మొదలై వెనక్కి, పైకి నడుస్తుంది.

ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్ చూపే బాట సాధారణంగా 3 డిగ్రీల వాలులో ఉంటుంది. అంటే నాటికల్ మైలుకు 318 అడుగులు దిగడం. రన్‌వే అంచు దాటేటప్పుడు విమానం సుమారు 50 అడుగుల ఎత్తులో ఉండాలి. గన్నవరం నేల సముద్ర మట్టానికి ఎనభై అడుగుల పైచిలుకు మాత్రమే. ఈ అంకెలు చేతిలో ఉంటే ఊరంతటికీ ఎత్తులు రాసేయొచ్చు. ప్రకాశం బ్యారేజీ దాదాపు రన్‌వేకు సూటిగా పడమర దిక్కున, రన్‌వే అంచుకు పది నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. 3 డిగ్రీల బాట అక్కడ సుమారు 3,300 అడుగుల ఎత్తులో ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి 2,400కు కాస్త అటూ ఇటూ. తూర్పున కొల్లేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు, సరస్సు నడిమి భాగం మీద అదే బాట ఏడు వేల పైన ఉంటుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలే. ఆ దారిలో దిగడానికి అనుమతించిన ఎత్తులు అప్రోచ్ చార్టులో ఉంటాయి, వాటిదే తుది మాట. కొండపల్లి, మంగళగిరి కొండలున్న దిక్కున ఇది మరీ ముఖ్యం. చార్టులో కనీస సెక్టార్ ఎత్తు అని ఒక అంకె ఉంటుంది. 25 నాటికల్ మైళ్ల పరిధిలోని అడ్డంకుల కన్నా అది కనీసం వెయ్యి అడుగులు ఎక్కువగా ఉండేలా నిర్ణయిస్తారు.

గన్నవరంలో బట్టీ పట్టిన అంకె శంషాబాద్‌లో పనికిరాదు. ఆ విమానాశ్రయం నేలే 2,024 అడుగుల ఎత్తులో ఉంది. డెల్టాలో 2,500 అడుగులంటే హాయైన ఎత్తు. శంషాబాద్‌లో అదే 2,500 అంటే నేలకు 500 అడుగులు కూడా లేనట్టే.

గ్లైడ్ స్లోప్‌ను, అంటే ఆ 3 డిగ్రీల బాటను, పైనుంచి కాకుండా కింది నుంచి ఎందుకు అందుకోమంటారో తెలుసా? ఆ బాటను గీసే రేడియో కిరణాలకు దొంగ బాటలు కూడా ఉంటాయి. దాదాపు 9 డిగ్రీల దగ్గర ఇంకో చోట కూడా బాటను చూపే పరికరంలోని ముల్లు మధ్యకు వచ్చి నిలబడుతుంది. ఎత్తు తగ్గించుకోలేక ఆలస్యమైన విమానం దాన్నే అసలు బాట అనుకుంటే, నిటారుగా కిందికి జారుతుంది. అందుకే ముందే దిగి, సమంగా ఎగురుతూ బాట తన దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. సిమ్యులేటర్‌లో కొల్లేరు వైపు నుంచి 26వ రన్‌వేకు వస్తూ 2,500 అడుగుల దగ్గర నిలకడగా ఉండి చూడండి. పైనున్న ముల్లు మెల్లగా కిందికి కదులుతుంది. రన్‌వే అంచుకు ఏడున్నర నాటికల్ మైళ్ల దూరంలో, హనుమాన్ జంక్షన్‌కు దక్షిణాన పొలాల మీద ఉండగా, అది సరిగ్గా మధ్యకు వస్తుంది. అప్పటికే చక్రాలు, ఫ్లాప్‌లు, వేగం ఓ కొలిక్కి వచ్చి ఉంటే మిగతాదంతా తేలిక.

ఆ ముల్లు ఎత్తును కొలవదు. నేల మీది యాంటెన్నా పంపే రెండు స్వరాలను పోల్చి చూస్తుంది, అంతే. బాటకు పైన ఉంటే 90 హెర్ట్జ్‌ది, కింద ఉంటే 150 హెర్ట్జ్‌ది బలంగా ఉంటుంది. రెండూ సమానమైతే ముల్లు మధ్యలో నిలుస్తుంది. ఎడమ, కుడి చూపే లోకలైజర్‌దీ ఇదే సూత్రం.

ఎత్తు చెప్పేది ఆల్టిమీటర్. అది గాలి పీడనాన్ని కొలిచి అడుగుల్లోకి మారుస్తుంది, కాబట్టి ఆనాటి పీడనం ఎంతో మనమే చెప్పాలి. చాలా ఎత్తులో అందరూ 1013 హెక్టోపాస్కల్స్ పెట్టుకుంటారు. దిగేటప్పుడు స్థానిక పీడనానికి మార్చుకోవాలి. వానాకాలంలో మన తీరంలో అది 1003 దగ్గరికి రావడం మామూలే. నేలకు దగ్గరలో ఒక్కో హెక్టోపాస్కల్‌కు దాదాపు 27 అడుగుల తేడా. పది మరిచిపోతే 270 అడుగులు. ఆల్టిమీటర్ చూపుతున్న దానికన్నా విమానం అంత కింద ఉంటుంది. రన్‌వే కనిపిస్తేనే కిందికి రావాలి అని గీసిన హద్దు 200 అడుగులే అయినప్పుడు 270 అడుగుల తప్పు ఎంత పెద్దదో వేరే చెప్పాలా! 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన తుపాను కేంద్రంలో పీడనం 943కు పడిపోయిందని అంచనా. అలాంటి వేళ ఎవరూ విమానం దింపరు. లెక్క కోసమే చూస్తే, 1013 మీదే వదిలేసిన ఆల్టిమీటర్ అక్కడ దాదాపు 1,900 అడుగులు తప్పు చెప్పేది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో కీబోర్డు మీద ‘బి’ నొక్కితే స్థానిక పీడనం దానంతట అదే సర్దుకుంటుంది. కొన్నాళ్లు ఆ మీట జోలికి పోకుండా, వాతావరణ సమాచారం విని చేత్తో తిప్పడం అలవాటు చేసుకుంటేనే పట్టు దొరుకుతుందని నా నమ్మకం.

బాట మీదికి వచ్చాక నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో తెలియాలంటే నేల మీది వేగాన్ని 5తో హెచ్చవేయండి. 140 నాట్స్ అయితే 700 అడుగులు. ఎదురుగాలి వల్ల అది 120కి తగ్గితే 600 చాలు.

చలికాలం ఉదయాల్లో కృష్ణా తీరం మీద పొగమంచు పరుచుకుంటే విమానాలు గన్నవరం మీద చక్కర్లు కొట్టడం, హైదరాబాద్‌కు మళ్లిపోవడం పేపర్లలో చదువుతూనే ఉంటాం. దీని వెనకా ఒక లెక్క ఉంది. ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్‌లోని మొదటి కేటగిరీలో నిర్ణయ ఎత్తు 200 అడుగులు, రన్‌వే మీద చూపు ఆనే దూరం కనీసం 550 మీటర్లు. 3 డిగ్రీల బాటలో 200 అడుగుల దగ్గర ఉన్న విమానానికి రన్‌వే అంచు ఇంకా 870 మీటర్ల దూరంలో ఉంటుంది. అంటే కనీస చూపే ఉన్న రోజు, నిర్ణయం తీసుకునే క్షణాన రన్‌వే కనిపించదు. రన్‌వేకు ముందు వరుసగా పేర్చిన అప్రోచ్ దీపాలే కనిపిస్తాయి. అవి కనిపిస్తే దిగొచ్చు. 140 నాట్స్ వేగంలో అంచు చేరడానికి ఉన్న వ్యవధి పన్నెండు సెకన్లు. కనిపించకపోతే వెంటనే ఇంజిన్ శక్తి పెంచి పైకి లేవాలి. ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి అన్నదీ అదే చార్టులో అడుగున రాసి ఉంటుంది. దిగడం మొదలుపెట్టక ముందే దాన్నీ చదివి, హైదరాబాద్‌కు తిరిగి వెళ్లడానికి ఇంధనం ఉందో లేదో చూసుకోవాలి.