ఇంటిపని

తెలుగులో 'ఇంటిపని' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వంట, నీళ్లు, చీపురు, చంటిపిల్లల ఆలనాపాలనా ఒక అర్థం. ఉపాధ్యాయుడు బడిలో ఇచ్చి, మరునాటికి నోటుపుస్తకంలో పూర్తిచేసుకొని రమ్మనే అభ్యాసం రెండవ అర్థం. మొదటిది మన ఇళ్లలో పుట్టిన మాట. రెండవది 'హోంవర్కు'కు పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు. నగరంలో ఉద్యోగుల ఇళ్లలో పెరిగే పిల్లలకు ఈ రెండర్థాలూ సాధారణంగా ఒకచోట తారసపడవు. పల్లెలో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్లకు సాయంత్రం బడినుంచి రాగానే రెండూ ఒకేసారి ఎదురవుతాయి. కాబట్టి ఇంటిపని ఎక్కువైందా, తక్కువైందా అని వాదించుకునే ముందు, అది ఏ ఇంట్లో చేయవలసిన పని అని అడగడం అవసరం.

కాకినాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఉప్పాడను ఉదాహరణగా తీసుకుందాం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది తూర్పు గోదావరి జిల్లా గ్రామం; నేడు కాకినాడ జిల్లాలో ఉంది. ఈ ప్రాంతానికి సముద్రం ఒక జీవనాధారం, మగ్గం మరొకటి. ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ చీరను నేసే మగ్గం ఏ కర్మాగారంలోనో ఉండదు. చాలావరకు నేతకారుని ఇంట్లోనే ఉంటుంది. ఉన్న గదిలో మగ్గం ఆక్రమించగా మిగిలిన చోటే వంటకూ, పడకకూ, పిల్లల చదువుకూ సరిపోవాలి. కండెలు చుట్టడం వంటి చిల్లర పనులకు పిల్లల చేయి అందుతూనే ఉంటుంది. మత్స్యకారుల ఇళ్ల సంగతి వేరు. తండ్రి వేటకు, తల్లి చేపల గంపతో అమ్మకానికి వెళితే, ఇల్లూ తమ్ముళ్లూ చెల్లెళ్లూ పెద్దపిల్ల చేతికి వస్తారు. వీటికి తోడు తీరం కోతకు గురవుతూ ఉండడం వల్ల దశాబ్దాలుగా ఇక్కడ ఎన్నో ఇళ్లు అలలపాలయ్యాయి. తుపాను రోజుల్లో కాకినాడకు పోయే తీర రహదారి కూడా దెబ్బతింటుంది. కెరటం గోడను తాకుతున్న రాత్రి బీజగణితం మీద మనసు నిలపడం ఎవరికి సాధ్యం?

ఇది ఉప్పాడకే పరిమితమైన పరిస్థితి కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటి చాకిరీలో పాలుపంచుకొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. ఆరేళ్లు నిండిన వారందరినీ ఆ సర్వే లెక్కలోకి తీసుకుంది. అంటే బడికి పోయే ఆడపిల్ల కూడా ఆ లెక్కలో ఉన్నదన్నమాట.

ఇక బడి ఇచ్చే పని సంగతి. ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క ఉపాధ్యాయుడుంటాడు. ఆరుగురు ఉపాధ్యాయులు తలా అరగంట పని ఇచ్చారనుకుందాం. అరగంట ఎవరి దృష్టిలోనూ ఎక్కువ కాదు. కాని విద్యార్థి ముందు చేరేసరికి అది మూడు గంటలవుతుంది. ఇందులో ఏ ఒక్కరిదీ తప్పు లేదు. ఒకరిచ్చింది మరొకరికి తెలియకపోవడమే అసలు చిక్కు. ఇంటి చాకిరీ ముగించుకొని రాత్రి ఎనిమిదింటికి పుస్తకం తెరిచిన పిల్ల పదకొండింటికి మూస్తుంది. మళ్లీ ఐదింటికి లేవాలి. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంస్థ 2016లో సూచించింది. మన పిల్లకు దక్కింది ఆరు గంటలు. పగలు నేర్చిన విషయం జ్ఞాపకంలో స్థిరపడడంలో నిద్రకు ముఖ్యమైన పాత్ర ఉన్నది కాబట్టి, నిద్రను కోసి చేసిన ఇంటిపని తన ప్రయోజనాన్ని తానే హరించుకుంటుంది.

ఈ భారాన్ని గురించి దేశంలో అందరి దృష్టికి వచ్చేలా మాట్లాడినవారిలో ఒకరు విద్యావేత్త కాదు, నవలాకారుడు కావడం విశేషం. రాజ్యసభకు నామినేట్ అయిన ఆర్.కె. నారాయణ్ 1989లో సభలో తన తొలి ప్రసంగాన్ని బడిపిల్లల కష్టానికే కేటాయించారు. పుస్తకాల సంచుల బరువుకు వంగిపోతున్న వీపులను గురించీ, బడి ముగిశాక కూడా వదలని చదువును గురించీ ఆయన ఆవేదన వెలిబుచ్చారు. దరిమిలా కేంద్ర ప్రభుత్వం 1992లో శాస్త్రవేత్త ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 1993లో వెలువడిన ఆ సంఘం నివేదిక ఒక సూక్ష్మమైన విషయాన్ని గుర్తించింది. సంచి బరువు కంటికి కనిపించే భారం. అర్థం కాకపోవడం కనిపించని భారం. రెండవదే మరింత హానికరమైనదని నివేదిక అభిప్రాయం.

నా దృష్టిలో ఇంటిపని చర్చకంతటికీ కీలకం ఇక్కడే ఉంది. తరగతిలో అర్థమైన లెక్కకు అలాంటివే మరో ఐదు ఇస్తే అది అభ్యాసం. తరగతిలో అర్థం కాని లెక్కకు ఇరవై ఇస్తే అది శిక్ష. రెండూ నోటుపుస్తకంలో ఒకేలా కనిపిస్తాయి.

ఉప్పాడ మగ్గమే ఈ భేదాన్ని చక్కగా చూపుతుంది. జాందానీ నేతలో సాధారణంగా ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరి చేతికి మరొకరు చేయి కలుపుతూ, పువ్వుకు కావలసిన అదనపు పేకను పోగు పోగుగా చేతితోనే చొప్పిస్తారు. కొత్తగా నేర్చుకొనేవాడు పోగు తప్పితే పక్కవాడికి ఆ క్షణమే తెలుస్తుంది. తీసి మళ్లీ పెట్టిస్తాడు. తప్పు ముందుకు సాగదు. రాత్రి ఒంటరిగా లెక్కలు చేసే విద్యార్థికి ఆ పక్కవాడు లేడు. తల్లిదండ్రులు బడి ముఖం చూడనివారైతే అడిగేందుకు దిక్కు లేదు. మొదటి లెక్కలో చేసిన తప్పే ఇరవై లెక్కల్లోనూ చేస్తాడు; లేదా గైడు చూసి ఎక్కిస్తాడు; లేదా ఉదయం స్నేహితుని పుస్తకం అడుక్కొని ప్రార్థనకు ముందు గబగబా దింపుకుంటాడు. మూడింటిలోనూ చదువు లేదు, భయం మాత్రం ఉంది. (పిల్లలను బడి మాన్పించి మగ్గం దగ్గర కూర్చోబెట్టమని దీని అర్థం కాదు. నేత నేర్పే పద్ధతిని బడి గమనించాలనే నా ఉద్దేశం.)

అయితే ఇంటిపనిని పూర్తిగా ఎత్తివేయవచ్చునా? ఎత్తివేయాలన్న ఆలోచన కొత్తది కాదు. ఫ్రాన్సు 1956లోనే ప్రాథమిక తరగతులకు రాతపని ఇవ్వరాదని ఆదేశించింది. అయినా అది అక్కడ పూర్తిగా మాసిపోలేదు. చైనా 2021లో ఒకటి, రెండు తరగతులకు రాతపనిని తొలగించి, పైతరగతులకు కాలపరిమితి విధించింది. పోలండు 2024లో చిన్న తరగతులకు ఇదే బాట పట్టింది. పెద్ద తరగతుల సంగతి భిన్నం. అమెరికాకు చెందిన హారిస్ కూపర్ 2006లో ఎన్నో పరిశోధనలను క్రోడీకరించి, ఇంటిపనికీ ఫలితాలకూ ఉన్న సంబంధం చిన్నపిల్లల్లో స్వల్పమనీ, ఉన్నత తరగతుల్లో చెప్పుకోదగినదనీ తేల్చారు. అక్కడ కూడా రోజుకు సుమారు రెండు గంటలు దాటాక ప్రయోజనం పెరగదని ఆయన సూచన.

మన దేశంలో 2020లో వచ్చిన పుస్తకాల సంచి విధానం కూడా తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు రోజుకు రెండు గంటలనే హద్దుగా పేర్కొన్నది. ఆ రెండు గంటలు అన్ని విషయాలకూ కలిపి అన్నది మరువరాదు. విద్యాహక్కు చట్టం, 2009 పిల్లల చదువు భయాందోళనలు లేకుండా సాగాలని చెప్పింది. కాని ఆ చట్టం రక్షణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే. ఒత్తిడి అసలు మొదలయ్యేది ఆ తరువాతనే! పదో తరగతి దాటి వసతిగృహ కళాశాలలో చేరినవారిది మరీ విచిత్రమైన స్థితి. అక్కడ ఇల్లే ఉండదు, ఇంటిపని మాత్రం రాత్రి 'స్టడీ అవర్స్' పేరుతో ఉంటుంది. కళాశాలల్లో ఒత్తిడినీ, విద్యార్థుల ఆత్మహత్యలనూ పరిశీలించేందుకు 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ నియమితమయ్యాయంటే సమస్య తీవ్రతను ఊహించవచ్చు.

యశ్‌పాల్ సంఘం ఉన్నత తరగతుల ఇంటిపని గురించి చేసిన సూచన నేటికీ ఆచరించదగినదే. అవసరమైన చోట ఇంటిపని ఇవ్వవచ్చు, కాని అది పాఠ్యపుస్తకాన్ని తిరగరాసే పనిగా ఉండరాదు. ఉప్పాడలో అటువంటి పనికి కొదవ లేదు. జాందానీ పువ్వును గళ్ల కాగితం మీద గీసి నిరూపకాలు గుర్తించవచ్చు. రేవులో ఉదయం చేప ధర ఎంత, సాయంత్రానికి ఎంత అని అడిగి శాతాలు కట్టవచ్చు. తీరం ఎక్కడిదాకా ఉండేదో తాతలను అడిగి పటం వేయవచ్చు. ఈ పనుల్లో చదువురాని తల్లి కూడా బిడ్డకు గురువు కాగలదు.

మిగిలినవి చిన్న ఏర్పాట్లు, ఖర్చు లేనివి. తరగతి గోడకు ఒక కాగితం అంటించి, ప్రతి ఉపాధ్యాయుడు ఆ రోజు తానిచ్చిన పనికి పట్టే నిమిషాలను అందులో రాస్తే, ఐదో పీరియడుకు వచ్చినవారికి అప్పటికి ఎంతైందో తెలుస్తుంది. పీరియడు చివరి పది నిమిషాల్లో తరగతిలోనే ఇంటిపని మొదలుపెట్టిస్తే, ఎవరికి తోవ తెలియలేదో అక్కడే బయటపడుతుంది. లెక్క సగంలో ఆగిపోయిన విద్యార్థి, గైడు వెతకకుండా, అక్కడ ఒక గీత గీసి 'ఇక్కడిదాకా వచ్చింది' అని రాసి తీసుకురావచ్చునని ముందే చెప్పాలి. మరునాటి పాఠం ఆ గీత దగ్గరనుంచి మొదలవుతుంది.