స్వర్ణముఖి ఉతికిన బొమ్మలు

చింతపుల్ల బొగ్గుతో గుడ్డమీద రూపం గీయడం అయ్యాక కలం చేతికొస్తుంది. వెదురుపుల్ల కొస చెక్కి, కాస్త పైన గుడ్డపీలికలు ఉండలా చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. రంగులో ముంచి ఆ ఉండను వేళ్లతో ఎంత నొక్కితే అంతే రంగు కొసకు దిగుతుంది. సీతమ్మ కనుబొమ గీసేటప్పుడు వేలు కాస్త ఎక్కువ ఒత్తితే ఇక చెరపడమంటూ ఉండదు.

శ్రీకాళహస్తి కలంకారీ అనగానే అందరం ఈ చేతినైపుణ్యాన్నే మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ చేయి సగం పనే చేస్తుంది. మిగతా సగం చెట్టుది, ఎండది, ఏటిది.

ముందుగా నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును అలుక్కుపోనివ్వదు. కరక్కాయ వగరు నలుపు కోసం. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన రసం, ఆ వగరు తగలగానే గుడ్డమీద నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, మంజిష్ఠ లాంటివి వేసి గుడ్డను ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు కరక్కాపువ్వు, నీలానికి నీలిమందు, నీలంమీద పసుపు పూస్తే ఆకుపచ్చ.

ప్రతి దశ తర్వాతా ఉతకాలి. అదీ పారే నీళ్లలో. పారే నీరు వదిలిన రంగును తీసుకుపోతుంది. తొట్టిలోనైతే అదే రంగు తిరిగొచ్చి తెల్లటి భాగాలకు అంటుకుంటుంది. నీటిలోని లవణాలను బట్టి ఎరుపు ఛాయ కూడా మారుతుంది. ఈ కళ శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున వేళ్లూనుకోవడానికి అక్కడి గుడి ఎంత కారణమో ఏరూ అంతే కారణం. ఆ ఏరు వానలు లేని నెలల్లో ఇసుకమేటే.

1950ల చివర్లో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. అంతరించబోయిన కలం మళ్లీ నిలదొక్కుకుంది. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది. ఈ కళకు భౌగోళిక గుర్తింపూ (జీఐ) దక్కింది. కళాకారుడిని కాపాడుకోవాలన్న పట్టుదల మనకు కొంతైనా ఉంది. ఏటిమీద అది లేకపోవడమే నా బాధ. స్వర్ణముఖిలో నీళ్లు పారించడం కూడా కలంకారీకి చేసే సాయమే. ఆ పద్దు హస్తకళల ఖాతాలో ఎక్కడా కనిపించదు.

ఈలోగా బజారు నిండా రసాయన రంగుల స్క్రీన్ ప్రింట్లు కలంకారీ పేరుతో అమ్ముడవుతున్నాయి. పోల్చుకోవడం కష్టం కాదు. చేత్తో గీసిన చీరలో ఏ రెండు నెమళ్లూ అచ్చు ఒకేలా ఉండవు. ధర మాత్రం ఎక్కువే. బేరమాడే ముందు దాన్ని ఎన్నిసార్లు ఉతికారో, ఏ నీళ్లలో ఉతికారో ఒక్కసారి అడగండి.